మాటలు లెక్కపెట్టే డబ్బా

మా ఇంట్లో ఒక సామెతలాంటి మాట ఉంది. "పరిశోధనలో తేలింది." దాన్ని ఇంట్లోకి తెచ్చింది నేనే. పప్పులో ఉప్పు తక్కువైతే మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువ తింటే తెలివి పెరుగుతదని పరిశోధనల తేలిందా?" అంటాడు. బయటికి వెళ్దామని నేను గంటసేపు తయారైతే, "ఆలస్యం చేసేటోళ్ళు ఎక్కువ కాలం బతుకుతరట, పరిశోధనల తేలింది" అంటాడు. నేనూ నవ్వేదాన్ని. మొన్నమొన్నటి దాకా నవ్వాను.

జగిత్యాలలో మా ఇంట్లోనే కూర్చుని నేనొక పని చేస్తాను. ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు మూడేళ్ళలోపు పిల్లల మీద అధ్యయనం చేస్తున్నారు. ఇంట్లో పిల్లల చెవిన ఎన్ని మాటలు పడతాయి, అవి ఎవరి మాటలు, ఆ పిల్లలు ఎప్పుడు నోరు విప్పుతారు, బడికెళ్ళాక ఎలా చదువుతారు అన్నది వాళ్ళ ప్రశ్న. చదువు చెప్పేవాళ్ళు, పిల్లల డాక్టర్లు, శబ్దం గురించి తెలిసిన భౌతికశాస్త్రం వాళ్ళు అందరూ అందులో ఉన్నారు. పిల్లకు చేతుల్లేని చిన్న కోటు తొడుగుతారు. దాని ఛాతీ జేబులో అగ్గిపెట్టెంత రికార్డర్ ఉంటుంది. పొద్దున తొడిగితే పడుకునేదాకా వింటూనే ఉంటుంది. తర్వాత కంప్యూటర్ ఆ రోజంతటినీ ముక్కలు చేసి, ఇది పెద్దవాళ్ళ మాట, ఇది పిల్ల గొంతు, ఇది టీవీ, ఇది ఉత్త చప్పుడు అని వేరుచేస్తుంది. మాటలున్న ముక్కలు నాలాంటి వాళ్ళకు వస్తాయి. మధ్యాహ్నం పాప పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాటిని రాస్తాను.

విన్నది విన్నట్టు రాయాలన్నది ఈ అధ్యయనం చూసుకునే మా మేడం పెట్టిన మొదటి నియమం. దిద్దకూడదు. 'అచ్చిండు' అంటే 'అచ్చిండు' అనే రాయాలి. 'గీడికి' అంటే 'గీడికి'. కోరుట్లలో ఒక తల్లి బీడీలు చుట్టుకుంటూ పిల్లవాడితో, "ఆకు ముట్టకుర్రా, ముడితె నీ చేతులు కట్టేసి నిన్నే సుట్టేస్త, పొగ గూడ రాదు నీ నుంచి" అన్నది. ఆ మాట రాస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సిరిసిల్ల ఇళ్ళలో మగ్గాల మోత మీదుగా తల్లులు అరిచే అరుపులు తెలియాలంటే వెనక్కి తిప్పి తిప్పి వినాలి. "ఓ పిల్లా, గా కండె ఇటియ్యి! గది కాదే, నీ కాలు కిందున్నది!" కండె అంటే మగ్గంలో పేకనూలు చుట్టిన చిన్న పుల్ల. ఆ ఇళ్ళలో పిల్లలకు అమ్మ, నాయిన తర్వాత మూడో మాట అదే. నాకూ అదే మూడో మాట. నేను పుట్టింది సిరిసిల్లలో, అలాంటి మోతలోనే.

పరాయి ఇళ్ళ 'గ'లనూ 'అచ్చిండు'లనూ నేను ఎంత జాగ్రత్తగా రాసేదాన్నో. మేడం మెచ్చుకునేది. "నీ చెవి చాలా మంచిది" అనేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పై చదువుకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు హాస్టల్లో మొదటి వారం నేను "మా అమ్మ అచ్చింది" అన్నాను. గదిలో అమ్మాయి ఒకతె, "ఎక్కడ అచ్చయింది? ఏ ప్రెస్సులో?" అన్నది. అందరూ నవ్వారు. అదంత పెద్ద విషయం కాదు. ఆ అమ్మాయి చెడ్డది కాదు కూడా, తర్వాత నాకు మంచి స్నేహితురాలే అయింది. కానీ ఆ రోజు నుంచి నేను నోరు తెరిచేముందు ప్రతి మాటకూ ముందు 'వ' పెట్టుకోవడం నేర్చుకున్నాను. వచ్చింది. వింటుంది. వేస్తుంది. ఇప్పుడు ఈ రాస్తున్నది కూడా ఆ నేర్చుకున్న భాషలోనే. ఇంకోలా రాయాలంటే చెయ్యి సాగడం లేదు.

పాప పుట్టినప్పుడు దానికి ఆ నవ్వు ఎదురు కాకూడదనుకున్నాను. అంతే అనుకున్నాను. ఇంతకన్నా పెద్ద దురుద్దేశం నాకేమీ లేదని ఇప్పుడు చెప్పుకుంటే నాకే చాలడం లేదు.

మా అత్తమ్మది కొడిమ్యాల. పొలం లేని ఇల్లు. నాట్లకూ కోతలకూ పోయి పిల్లల్ని పెంచింది. పెళ్ళైన కొత్తలో ఆమె నోరు చూసి నేను బెదిరిపోయాను. బియ్యంలో రాయి కనబడితే రాయితో మాట్లాడేది. "నువ్వెక్కడ దొరికినవే నాకు, పో, మిల్లోనికి జెప్పు నీ సంగతి" అని దాన్ని ఏరి బయట పారేసేది. పాలు పొంగబోతే పాలను తిట్టేది. ఊళ్ళో ఆమెకు పేరే ఉండేదట, నాట్లేసే చోట ఆమె పక్కనుంటే నడుం నొప్పి తెలియదని. పాప పుట్టాక రోజంతా ఉయ్యాల దగ్గరే. "ఏందే పొట్టీ, గట్ల జూస్తున్నవ్? మీ తాత లెక్క జూడకు, మీ తాత గట్ల జూసే నన్ను చేసుకున్నడు."

నాకు అప్పుడు ఉద్యోగం కొత్త. దానికోసం వ్యాసాలు చదవమని మేడం పంపేది. పిల్లలు విన్నదే పలుకుతారని, మొదటి మూడేళ్ళూ ముఖ్యమని చదివాను. అక్కడిదాకా చదివింది నిజం. మిగతాది నేనే కలుపుకున్నాను. ఒకరోజు పప్పు ఎసట్లో వేస్తూ చాలా మర్యాదగా చెప్పాను. "అత్తమ్మా, పాపతో మాట్లాడేటప్పుడు మంచి మాటలు మాట్లాడండి. గట్ల, గిట్ల అనకుండా. పిల్లలకు మొదట ఏ భాష పడితే అదే నిలిచిపోతుందట. పరిశోధనలో తేలింది."

ఏ పరిశోధనలోనూ అలా తేలలేదు. తర్వాత వెతికాను. ఇంటి భాషతో పిల్ల చెడిపోతుందని నాకు పంపిన కాగితాల్లో ఎక్కడా లేదు.

అత్తమ్మ కాసేపు నా ముఖం చూసింది. "గట్లనా బిడ్డా" అన్నది. వెంటనే నాలుక కరుచుకుని, "అట్లానా" అన్నది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె ప్రయత్నం చేసింది. "పాపా, కుక్క వచ్చినది. చూడుము" అనేది, రేడియోలో వార్తలు చదివినట్టు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "అమ్మా, నువ్వు కలెక్టరాఫీసుల మాట్లాడుతున్నవా, కుక్కతోనా?" నేను కూడా మధ్యమధ్య దిద్దేదాన్ని. "పోతంది కాదు అత్తమ్మా, పోతుంది." మెల్లగా ఆమె మాటలు తగ్గాయి. పాపకు అన్నం పెట్టేటప్పుడు ఊరికే పెట్టేది. ఎత్తుకుని ఊరికే తిప్పేది. వయసు మీద పడుతోంది అనుకున్నాను. ఒక్కోసారి ఇంకోటి కూడా అనుకున్నాను, ఇప్పటికైనా నా మాట వింటోంది అని.

పాపకు రెండేళ్ళు నిండాయి. మాటలు రాలేదు. అమ్మ, నాన్న, నీళ్ళు, బాల్. అవి కూడా అడిగితేనే. పక్కింటి పిల్ల మా పాపకంటే చిన్నది, గోడ మీద కూర్చుని, షాపు నడిపే వాళ్ళ నాన్నను "ఓ షాపాయనా" అని పిలుస్తోంది. నాకు నిద్ర పట్టేది కాదు. ఫోన్లో చదివేదాన్ని. చదివిన ప్రతిదీ మా పాపలో కనబడేది. కళ్ళలోకి చూస్తోందా, చూస్తోంది. వేలితో చూపిస్తోందా, చూపిస్తోంది. మరి ఎందుకు? ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేయించాం. బాగున్నాయి. డాక్టర్ నన్ను అడిగాడు, "ఇంట్లో పాపతో ఎవరెక్కువ మాట్లాడతారు?"

"నేనే" అన్నాను. "రోజంతా మాట్లాడతాను."

అత్తమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆమె వసకొమ్ము తెస్తానన్నది. అరగదీసి నాలుకకు రాస్తే పిల్లలకు మాటలొస్తాయంటారు. ఎక్కువ మాట్లాడేవాళ్ళను వస పోసిన పిట్ట అనేది అందుకే. నేను వద్దన్నాను. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటానన్నది. అది మీ ఇష్టం అన్నాను. ఆమె ఏ మొక్కు మొక్కిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పుడే మేడం, పని చేసేవాళ్ళందరూ తమ ఇళ్ళలో ఒకసారి ఈ కోటు వాడి చూడమన్నది. తల్లులు పడే ఇబ్బందులు మనకు తెలియాలన్నది. నాకు మనసులో వేరే ఆశ ఉంది. మా పాపకు ఎన్ని మాటలు వినబడుతున్నాయో లెక్క తెలిస్తే ఈ భయం పోతుంది. నేను చేయాల్సిందంతా చేస్తున్నానని కాగితం మీద ఉంటుంది.

పొద్దున పాపకు కోటు తొడుగుతుంటే అత్తమ్మ అడిగింది. "గిదేంది బిడ్డా, జేబుల?"

"మాటలు లెక్కపెట్టే డబ్బా అత్తమ్మా."

ఆమె దాని వైపు వంగి చూసింది. "మంచి మాటలే లెక్కవెడ్తదా? మా అసొంటియి గూడనా?"

"అన్నీ లెక్కపెడుతుంది" అన్నాను నవ్వుతూ. తర్వాత అలవాటు కొద్దీ, "పాపతో మాత్రం మంచిగా మాట్లాడండి" అన్నాను.

ఫలితం వచ్చినప్పుడు మేడం ఫోన్ చేసింది. నా గొంతు బాగానే ఉందట, ఎక్కువే ఉందట. కానీ నేను వంటింట్లో ఉన్న వేళల్లో, పాప వాళ్ళ బాపమ్మ దగ్గర ఉన్న వేళల్లో, దాదాపు మాటల్లేవు. కంప్యూటర్ అదంతా చప్పుడు కింద వేసింది. "మీ అత్తగారు అసలు మాట్లాడరా?" అని అడిగింది.

"ఆమె అంతే మేడం. చదువుకోలేదు కదా" అన్నాను.

ఈ రాత్రి కూర్చుని ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క జవాబు వల్లే అనిపిస్తోంది. చదువుకోని తల్లులు పిల్లలతో ఎంత మాట్లాడతారో రోజూ వినేది నేనే. బీడీలామె గొంతు నా చెవిలో ఉండగానే ఆ మాట అన్నాను.

ఈ మధ్యాహ్నం పాప పడుకున్నాక ముందు నా ముక్కలు విన్నాను. ఎవరో టీచరమ్మ గొంతు. "ఇది ఏంటి? చెప్పు. ఇది ఏ రంగు? వాటర్ అను. అను. అమ్మను చూసి అను. ఇది ఏంటి మరి?" ఒక్క మాట కూడా ఊరికే అన్నది లేదు. అన్నీ ప్రశ్నలే. జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్నలు. పాప "బాల్" అంటుంది. వెంటనే, "గుడ్. ఇది ఏంటి?" నా బిడ్డకు నేను పొద్దున లేచింది మొదలు పరీక్ష పెడుతున్నాను. డాక్టర్‌తో చెప్పిన మాటలు ఇవే, రోజంతా మాట్లాడతానని.

తర్వాత ఊరికే, ఎందుకో, చప్పుడు కింద వేసిన ముక్కలు తెరిచాను. ఫ్యాను. గిన్నె. ఎక్కడో బండి. పిల్లలు లేని చోట్లలో వినబడే శూన్యమే అనుకున్నాను. శబ్దం పెంచాను. ఫ్యాను గాలిలో ఇంకో గాలి ఉంది. గుసగుస. గొంతు లేకుండా ఊపిరితో మాట్లాడితే ఆ యంత్రం దాన్ని మాట అనుకోదు.

"అగో... కోతులచ్చినయ్. గోడెక్కినయ్. సూడు సూడు, దాని పిల్ల కడుపుకు ఎట్ల కరుసుకున్నదో."

అత్తమ్మ. తర్వాత, అదే గుసగుసలో, ఇంకొకరు.

"పాలు తాగుతంది."

మళ్ళీ వెనక్కి తిప్పాను. నా చెవి మంచిదని మేడం అన్నది.

"పాలు తాగుతంది బాపమ్మా. అమ్మ కోతి ఉరుకుతంది. పిల్ల పడ్తది!"

"పడది, పడది. కరుసుకున్నది గద. మెల్లగ మాట్లాడు పొట్టీ. గీ డబ్బ ఇంటది. అమ్మ ఇంటది."

"అమ్మ ఇంటది" అని పాప గుసగుసగా అన్నది. నవ్వింది. ఆ నవ్వు కూడా ఊపిరే.

అలా చాలాసేపు ఉంది. పల్లీలు ఒలుచుకుంటూ మాట్లాడుకున్నారు. మిల్లు గురించి, బియ్యంలో రాయి గురించి. తాత ఎట్ల చూసేవాడో పాప అడిగితే ఆమె చూపించినట్టుంది, ఇద్దరూ నోరు మూసుకుని నవ్వారు. కొడిమ్యాలలో పక్కనుంటే నడుం నొప్పి తెలియనిచ్చేది కాదని పేరున్న ఆ మనిషి, నా వంటింటికి నాలుగడుగుల దూరంలో, దొంగతనంగా మాట్లాడుతోంది. పాపకు మాటలు రాకపోవడం కాదు. మాట అంటే అమ్మకు వినబడకుండా అనాల్సింది అని దానికి అర్థమైంది.

ఇయర్‌ఫోన్స్ తీసేసరికి అత్తమ్మ మేడ మీద నుంచి ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద వేస్తోంది. ముఖం ఎత్తలేకపోయాను. నేను విన్నానని ఎలా చెప్పాలి? ఆమె దాచుకున్నదే అది. నేను వినకూడదనే కదా అంత చిన్నగా మాట్లాడింది. చెప్పకపోతే ఇంకా తప్పు. ఏదో ఒకటి అనాలి. చాలా ఏళ్ళ తర్వాత నా నోట్లోంచి దిద్దుకోకుండా ఒక మాట తీద్దామనుకున్నాను.

"అత్తమ్మా, పొట్టి లేసిందా?"

ఆమె బట్టలు మడతపెట్టడం ఆపింది. నా వైపు చూసి, చాలా జాగ్రత్తగా, ఒక్కో అక్షరం పట్టుకుని అన్నది. "లేదు అమ్మా. పాప ఇంకా నిద్రపోతూ ఉన్నది."

నేర్చుకున్నది ఆమె మర్చిపోలేదు. నేను బాత్రూంలోకి వెళ్ళి నల్లా తిప్పి నిలబడ్డాను.

సాయంత్రం మళ్ళీ కోతులు వచ్చాయి. మా వీధిలో రోజూ వస్తాయి. పాప కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తోంది. నోరు మూసే ఉంది, ఎందుకంటే గదిలో నేనున్నాను. వెళ్ళి పక్కన కింద కూర్చున్నాను. ఏం కోతి, ఏ రంగు, ఎన్ని అని అడగలేదు. సిరిసిల్లలో మా అమ్మ మగ్గం మీదుగా అరిచినట్టే, గట్టిగా అన్నాను.

"అగో! కోతులచ్చినయ్!"

పాప ఉలిక్కిపడింది. కోతుల వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. తర్వాత గబగబా నా వైపు తిరిగి తన అరచేయి నా నోటి మీద పెట్టింది. చెయ్యి వేడిగా, పల్లీల వాసనతో ఉంది. చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నది.

"సప్పుడు జెయ్యకు. అమ్మ ఇంటది."

నా బిడ్డ నాతో మాట్లాడిన మొదటి పూర్తి మాట అది. ఈ మాట కోసమే చెవులు పరీక్ష చేయించాను, వ్యాసాలు చదివాను, నిద్ర మానుకున్నాను.

తలుపు దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. పట్టుబడ్డ మనిషిలా ఉంది. పట్టుబడాల్సింది ఆమె కాదు. పాప చేయి నోటి మీద ఉండగానే అన్నాను. "అత్తమ్మా, పాపతోని మీరు మాట్లాడినట్టే మాట్లాడుర్రి. గట్టిగ మాట్లాడుర్రి. మీ తప్పేం లేదు. నాదే."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. చివరికి అడిగింది.

"పరిశోధనల తేలిందా బిడ్డా?"

మా ఆయన అన్నట్టు ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. తేలితే మాట్లాడదామని, తేలకపోతే మానేద్దామని. ఈసారైనా ఆమెకు అబద్ధం చెప్పకూడదనుకున్నాను.

"లేదు అత్తమ్మా. నేనే ఇన్న."

అప్పుడు ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. పాలు పెట్టింది. అవి పొంగుతున్న చప్పుడు వినబడింది, తిట్లు వినబడలేదు.

ఇప్పుడు పక్క గదిలో బాపమ్మా మనవరాలూ పడుకుని ఉన్నారు. మధ్య తలుపు తెరిచే పెట్టాను. ఇంకా గుసగుసలే. ఒక్కసారి మాత్రం పాప, మరిచిపోయి, "బాపమ్మా, కోతులు ఏడ పండుకుంటయ్?" అని గట్టిగా అడిగింది. వెంటనే ఇద్దరూ ఆగిపోయారు. నేను వింటున్నానేమో అని. నేను పెన్ను కదపకుండా కూర్చున్నాను, నేను లేనట్టు.